మొహం మీదే చెప్పమన్నాను

ఒక మనిషి నన్ను సలహా అడిగాడు. ఇచ్చాను. తప్పని తెలిసే ఇచ్చాను. అది నేను కోరుకున్నట్టే పనిచేసింది. ఇన్నేళ్లుగా నా ఛాతీ మీద కూర్చున్నది ఇదే. పోలీసులకు చెప్పుకునే నేరమైతే ఎప్పుడో చెప్పేదాన్ని. నేరానికి శిక్ష ఉంటుంది, శిక్షకు ఒక చివర ఉంటుంది. దీనికి ఆ దారి లేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లతో అయితే మాట మధ్యలో వాళ్ల ముఖం చూస్తాను, చూసి కొంత తగ్గించి చెబుతాను. నా పేరు రాయను. మిగతావాళ్ల పేర్లు మార్చాను.

ఇప్పుడే ఎందుకు? మా అన్న కూతురికి నాగర్‌కర్నూలులో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు గద్వాలకు వచ్చి నా పక్కన కూర్చుంది. "అత్తా, ఆఫీసుల మందితోని ఎట్ల మాట్లాడాలె? నాయన ఉంటే ఆయన్నే అడుగుతుంటి. ఇప్పుడు నువ్వే చెప్పాలె." నేను లేచి వంటింట్లోకి పోయి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరైనా సలహా అడిగితే నేను ఇట్లాగే లేచిపోతాను. ఎందుకో ఆ పిల్లకు తెలియదు.

మా అన్న వయసంతా గద్వాలలో ఒక చీరల దుకాణంలో గడిచింది. నేతగాళ్లు నేసి తెచ్చిన చీరలు చూసి తీసుకోవడం ఆయన పని. వాళ్లకు నూలూ పట్టూ జరీ ఇచ్చే పని నాది. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట ప్రతి పోగుకూ లంకె పడాలి. ఒక్కటి తప్పినా సందు కనబడుతుంది. అట్లాంటి లోపాన్ని మా దుకాణంలో దాగు అనేవాళ్లం.

దాగు కనిపిస్తే అన్న ఏం చేసేవాడో ముందు చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. వచ్చిన మనిషికి చాయ్ తెప్పించేవాడు. చీర చూసేవాడు. దాగు ఉంటే ఆ సంగతి ఎత్తేవాడు కాదు. దాగు లోపలికి పోయేట్టు చీర మడిచి, మడత మీద అరచెయ్యి పెట్టి, "ఇంటికాడ అందరు మంచిగున్నరా?" అని అడిగేవాడు. అంతే. ఆ నేతగాడు సాయంత్రం అందరూ పోయాక మళ్లీ వచ్చేవాడు. తనే అడిగేవాడు. అప్పుడు ఇద్దరూ కలిసి చీర పరుచుకుని కూర్చునేవాళ్లు. ఇంట్లో ఎవరికి జబ్బో, ఇచ్చిన పట్టు ఎక్కడ సరిగా లేదో, నెమ్మదిగా బయటికి వచ్చేది. మళ్లీ అదే దాగు ఆ చేతి నుంచి వచ్చేది కాదు. మెచ్చుకోవాల్సి వస్తే మాత్రం నలుగురూ వినేట్టు గట్టిగా మెచ్చుకునేవాడు. చావు జరిగిన ఇంటికి చీర ఎంతవరకు వచ్చిందని అడగడానికి మనిషిని పంపేవాడు కాదు. ఇవేవీ ఆయన ఎవరికీ నేర్పలేదు. చూసి నేర్చుకున్నాను. పుస్తకాలు చాలానే చదివాను గాని, పనిచేసేచోట మనుషులతో ఎలా మసలాలో ఇంతకన్నా మంచి పాఠం నాకెక్కడా దొరకలేదు.

దుకాణం యజమాని మంచాన పడ్డాక ఆయన అల్లుడు వచ్చాడు. కిరణ్ అనుకుందాం. వనపర్తి అతను, హైదరాబాదులో ఏదో కంపెనీలో చేసి వచ్చాడు. వచ్చిన కొద్దిరోజులకే అన్న ఒక దాగు చీరను మడిచి పక్కన పెట్టడం చూశాడు. ఎందుకని అడగలేదు. నేతగాళ్లు వరుసగా కూర్చుని ఉండగానే అన్నాడు.

"ఏం పెద్దాయనా, మీవోళ్ల దాగులు మడిచి దాస్తున్నవా? ఇట్ల ఎన్ని చీరలు లోపలికి తోసినవ్? రేపటి సంది రాకు."

అన్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. చెప్పులు మరిచిపోయాడు. అవి పట్టుకుని నేను వెనకాల పోయాను. ఇంటికి వెళ్లాక ఆయన ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. అన్నం తగ్గించాడు. ఎండలు ముదిరేసరికి దవాఖానలో పడ్డాడు, వానలు రాకముందే పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. ఆయనకు ముందునుంచే ఆ జబ్బు ఉందేమో నాకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు. ఆ చావుకు కారణంగా నాకు ఒక మనిషి కావాలి. ఆ మనిషి దొరికాడు.

నేను పని మానలేదు. దినాలు కాగానే మళ్లీ పోయి నూలు కట్టల మధ్య కూర్చున్నాను. పాపం, కడుపు కోసం అన్నారు. కాదు. అతను పడిపోయేటప్పుడు చూడాలంటే దగ్గర్లో ఉండాలి కదా. రోజూ అతనికి నమస్తే పెట్టేదాన్ని. నా పనిలో ఎక్కడా వంక రానివ్వలేదు. పగ ఉన్నవాళ్లు అరుస్తారనుకుంటాం. నా అనుభవంలో పగ మనిషిని చాలా మర్యాదస్తురాలిని చేస్తుంది.

నేతగాళ్లు కిరణ్ ముందు నోరు విప్పేవాళ్లు కాదు. అడిగినదానికి తలూపి పోయేవాళ్లు. ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, అతను స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, ఒక మాట అడుగుత. వీళ్లతోని ఎట్ల మాట్లాడాలె? నేనేమన్నా సరే సార్ అంటరు. మళ్లొచ్చే చీరల మళ్ల అదే దాగు."

"మీరు పెద్ద చదువులు చదివిండ్రు సార్. నన్నడిగితే నేనేం చెప్త?"

"ఎగతాళి చేయకక్కా. నాకు నిజంగనే తెల్వదు." తల దించుకున్నాడు. "మీ అన్న ఉంటే ఆయన్నే అడిగేటోన్ని. ఆయన సంగతిల జర తొందరపడ్డ."

జర. మా అన్న చావుకు అతను వేసిన తూకం అది. ఇప్పుడు ఆలోచిస్తే, అతనికి చేతనైనంత చెప్పాడేమో అనిపిస్తుంది. తల దించుకునే చెప్పాడు. అప్పుడు నాకు అదేమీ కనిపించలేదు. ఆ ఒక్క మాటే చెవిలో మిగిలింది.

"సార్, మావోళ్లకు చాటు మాటలు నచ్చవు," అన్నాను. "పక్కకు పిలిచి చెప్తే ఏందో దాస్తున్నరనుకుంటరు. దాగు ఉంటే అందరి ముందట చీర పరిచి, మొహం మీదనే చెప్పుండ్రి. అట్ల చెప్పేటోన్నే పెద్దమనిషంటరు."

"పరేషాన్ కారా మరి?"

"ఒక్కరోజు అయితరు. మళ్ల మీకే మొక్కుతరు. చెప్తే పెద్ద చెయ్యికే, పేరున్న నేతగానికే చెప్పుండ్రి సార్. చిన్నోళ్లకు చెప్తే ఏమొస్తది?"

"ఇన్ని రోజులకు ఒక్కరన్న సీదా మాట్లాడిండ్రు," అని నవ్వాడు. "థ్యాంక్సక్కా."

నేనూ నవ్వాను.

ఆ సలహా వినడానికి ఎంత బాగుందో చూడండి. దాచకు, సూటిగా చెప్పు, పెద్దవాళ్లతో మొదలుపెట్టు. ఏ ఆఫీసులో చెప్పినా తలలూపుతారు. అందుకే అతను నమ్మాడు. మీరు పనిచేసేచోట ఎవరినైనా సలహా అడిగే ముందు, ఆ మనిషి మీవల్ల ఏం పోగొట్టుకున్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఈ ఒక్క మాట మాత్రం కపటం లేకుండా చెబుతున్నాను.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. రెండు రోజులు కాగితం ముట్టలేదు. రాసినదంతా నిజమే. కాని ఇక్కడితో ఆపితే అబద్ధమవుతుంది.

నర్సింహులు అని ఒక నేతగాడు ఉండేవాడు. ఊళ్లో పెద్ద చెయ్యి అంటే ఆయనదే. అన్న ఈడువాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఆయన కంట్లో శుక్లం ముదురుతోందని అన్నకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. "నర్సింహులుకు లేత రంగులే ఇయ్యి, నల్లవి ఇస్తే పోగు కనబడది," అని అన్న ఒకసారి నాకు మెల్లగా చెప్పాడు. అప్పటినుంచి గంధం రంగూ పాలరంగూ ఆయనకే తీసి పెట్టేదాన్ని. అన్న పోయాక కూడా.

కిరణ్‌కు సలహా ఇచ్చిన మర్నాడు నర్సింహులు నూలు కోసం వచ్చాడు. ముదురు నీలం నూలు, అంచుకు నల్ల పట్టు ఆయన చేతిలో పెట్టాను.

"ఏం చెల్లె, ఈసారి చీకటి మూటగట్టి ఇస్తున్నవ్?" అని నవ్వాడు.

"ఆర్డరట్ల వచ్చిందన్నా," అన్నాను.

ఆర్డరు వచ్చిన మాట నిజమే. అది ఎవరికి ఇవ్వాలన్నది నా చేతిలో ఉంది. లేత రంగు కట్టలు నా వెనక అరలోనే ఉన్నాయి. వంతు ఆయనదే కదా అని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను, ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే చెప్పుకున్నాను. వంతు కాదు. ఊరంతా గౌరవించే మనిషికే అవమానం జరగాలి, జరిగితేనే మిగతావాళ్లు కిరణ్‌ను వదిలేస్తారు. నేను వేసుకున్న లెక్క అది. ఆ పూట నర్సింహులు నాకు మనిషిగా కనిపించలేదు. విసరడానికి దొరికిన రాయిలా కనిపించాడు.

ఆయన చీర తెచ్చిన రోజు దుకాణం నిండుగా ఉంది. కిరణ్ దాన్ని గచ్చు మీద బారుగా పరిపించాడు. అంచు వెంబడి సందు. వెలుగు కనిపించేంత సందు.

"పెద్దాయనా, ఇదేంది? మీ అసుంటి పెద్ద చెయ్యే ఇట్ల నేస్తే చిన్నోళ్లకు నేనేం చెప్పాలె?"

అరవలేదు. మర్యాదగానే అన్నాడు. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు. వెనక ఎవరో "కండ్లు ఇంటికాడ పెట్టొచ్చినట్టుండు" అన్నారు. కొందరు నవ్వారు. నర్సింహులు వంగి ఆ సందు ఎక్కడుందో వేళ్లతో తడుముతున్నాడు. తడిమితే గాని ఆయనకు దొరకలేదు. అది అందరూ చూశారు. నవ్వు ఆగిపోయింది.

కిరణ్ నావైపు చూశాడు, సరిగానే చెప్పానా అన్నట్టు.

నేను తలూపాను.

సాయంత్రం చూద్దాం సార్ అంటే సరిపోయేది. అన్న పేరు కూడా ఎత్తక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు. అనలేదు. భయపడ్డానా? లేదు. సంతోషంగా ఉండింది. ఇది రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉంది.

అనుకున్నదే జరిగింది. నేతగాళ్లు మగ్గం మీదున్న చీర దించి ఇచ్చి, ఒక్కొక్కరే వేరే దుకాణాలకు పోయారు. ఎవరూ గొడవపడలేదు, ఎవరూ కారణం చెప్పలేదు. మరుసటి ఏడు దుకాణం మూతపడింది. షట్టరు దించిన రోజు కిరణ్ నా దగ్గరికి వచ్చి, "నువ్వు మంచిగనే చెప్పినవక్కా, నాకే చేతగాలె," అన్నాడు. అతని విషయంలో నాకు ఈ రోజుకూ పశ్చాత్తాపం లేదు. ఉండాలని తెలుసు. వెతికాను. ఉన్నట్టు రాస్తే మీకు నేను కొంచెం నచ్చుతానేమో. వద్దు.

నర్సింహులు మాత్రం ఏ దుకాణానికీ పోలేదు. మగ్గం విప్పేసి ఆత్మకూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ వాళ్లు కంటికి ఆపరేషన్ చేయించారు. చిన్న ఆపరేషన్. అన్న బతికి ఉంటే ఏదో ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, చేయించుకోమని ఒప్పించేవాడు. ఆ పని నేనూ చేయగలిగేదాన్ని.

అన్న కోసం చేశానని చాలాకాలం అనుకున్నాను. కిరణ్ అన్నకు చేసింది ఏమిటి? నలుగురిలో తల దించుకునేట్టు చేశాడు. నేను నర్సింహులుకు చేయించింది ఏమిటి? అన్న తన బతుకంతా ఒక్క మనిషికి కూడా జరగనివ్వనిదాన్ని, అన్ననే మనసులో తలుచుకుంటూ, ఆయన స్నేహితుడికే చేయించాను. అన్న ఉద్యోగాన్ని కిరణ్ తీసేశాడు. ఆయన చేసిన పనిని తుడిచేసింది నేను.

పోయిన ఏడు, చెప్పేయాలని ఆత్మకూరు బస్సెక్కాను. నర్సింహులు అల్లుడి కిరాణం దుకాణంలో కూర్చుని ఉన్నాడు. నన్ను రోడ్డు అవతలి నుంచే గుర్తుపట్టాడు.

"అగో, మా చెల్లె! ఇప్పుడు నాకు చీమ గూడ కనబడ్తది తెల్సా?" అన్నాడు. సోడా తెప్పించాడు. అన్నను తలుచుకున్నాడు. తర్వాత ఆ సంగతి తనే ఎత్తాడు. "ఆ సారును తలుచుకుంటే ఇప్పటికి మండుతది చెల్లె. మీ అన్నను పొట్టన పెట్టుకున్నడు, నన్ను మగ్గం దింపిండు. మునిగిండు, మంచిగైంది. మీ అన్న ఉసురే తగిలింది వానికి."

"అవునన్నా," అన్నాను.

అంతే అన్నాను. ఆయన తిట్టిన ప్రతి తిట్టూ నాకు తియ్యగా ఉండింది. ఆ కోపంలో ఆయనకు కొంత ఊరట ఉంది, దాన్ని తీసేసే హక్కు నాకు లేదు అనుకుంటూ తిరిగి బస్సెక్కాను. చూశారా, నా అబద్ధాలెప్పుడూ మంచిమాటల్లాగే ఉంటాయి.

అక్కడ అనలేనిది ఇక్కడ అంటున్నాను. నర్సింహులన్నా, నువ్వు తిట్టాల్సిన మనిషి నీ ఎదురుగా కూర్చుని సోడా తాగి వచ్చింది. నీ కంటి సంగతి తెలిసి ఆ రంగు ఇచ్చాను. నలుగురిలో చెప్పమని నేర్పాను. నువ్వు సందు కోసం తడుముతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఇది ఆయన దాకా చేరుతుందో లేదో తెలియదు. చేరినా, మన్నించమని అడగను. కిరణ్‌ను నేను మన్నించలేదు. నా దగ్గర లేనిదాన్ని ఇంకొకరిని ఏ మొహంతో అడగాలి? చెప్పాల్సింది చెప్పాను. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.