మళ్ళీ పొడుచుకొచ్చిన ఎముక

నరసాపురం ప్యాసింజరు తణుకు ముందు క్రాసింగు కోసం ఆగిపోయింది. మనుషులకీ సంచులకీ మధ్య కిటికీ పక్కన ఇరుక్కుపోయాను. షూలో కుడికాలు మండిపోతోంది, అయినా విప్పడానికి ధైర్యం చాలలేదు.

బొటనవేలి మొదట్లో పొడుచుకొచ్చిన ఎముకకు కిందటేడు ఆపరేషన్ చేయించుకున్నాను. వేలు మళ్ళీ పక్కకి ఒరిగి, ఎముక మళ్ళీ పైకి లేచింది. నేను మంచంలో ఉన్నన్నాళ్ళూ వంటా, పిల్లల పనీ చూసుకున్న మా ఆయనకి ఆ మాట చెప్పలేక, ఇంట్లో కూడా సాక్సులతోనే తిరుగుతున్నాను.

ఎదుటి సీటులోని పెద్దావిడ నా కాలివైపే చూస్తోంది.

"ఆపరేషనేమైనా అయిందా అమ్మా?"

"అయిందండి. మళ్ళీ వచ్చేసింది." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆవిడ చెప్పులోంచి కాలు తీసి చూపించింది. పాత కుట్ల మచ్చ పక్కనే నా కాలికున్నలాంటి బుడిపె.

"నాకూ అంతేనమ్మా. మళ్ళీ కోయించుకోవడానికి మనసొప్పలేదు."

"మరి నొప్పి ఉండదా అండి?"

"ఉంటుంది. దాచడం మానేశాక ఈ వెడల్పు చెప్పులేసుకుంటున్నాను."

అని, రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుంది. "చాపుకో" అంది.

షూ, సాక్సూ విప్పి, ఆవిడ ఖాళీ చేసిన చోట కాలు చాపుకున్నాను. రైలు చాలాసేపు కదల్లేదు.

ఆవిడ భీమవరంలో దిగిపోయింది. పాలకొల్లు వచ్చేసరికి వాచిన కాలు షూలో పట్టలేదు; రెండోదీ విప్పేసి చేత్తో పట్టుకుని దిగాను. స్టేషన్ బయట స్కూటరు దగ్గరున్న మా ఆయన నా వట్టికాళ్ళు చూశారు.

"మళ్ళీనా?"

"మళ్ళీనేనండి."

ఆయన నా చేతిలోని షూస్ తీసుకుని, "ఎప్పట్నుంచే?" అని మెల్లగా అడిగారు.