మెత్తగా దిగే మధ్య బటన్

నేను కంప్యూటర్‌లో ఇళ్ళ డ్రాయింగులు గీస్తాను. మా పనిలో మౌస్ మీది చక్రమే ప్రాణం. తిప్పితే డ్రాయింగు దగ్గరికొస్తుంది, అదే మధ్య బటన్ కూడా, నొక్కిపట్టి లాగితే పక్కకు జరుగుతుంది. ఆల్బనీ ఆఫీసులో పొద్దున కూర్చున్నది మొదలు సాయంత్రం లేచేదాకా నా కుడిచేతి మధ్యవేలికి ఇదే పని. కిందటేడాది ఆ వేలు మొరాయించింది. ముందు తిమ్మిరి, తర్వాత మంట, ఆఖరికి మణికట్టు దాకా సలుపు.

ఆఫీసులో చెప్పలేదు. నా వర్క్ వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది, ఈ దేశంలోనే ఉండిపోయేందుకు పెట్టుకున్న రెసిడెన్సీ ఇంకా తేలలేదు. చెయ్యి పాడైనదాన్ని ఎవరు ఉంచుకుంటారు? మణికట్టుకు పట్టీ కట్టుకుని ఊరికి ఆ చివరన, ఫ్లాట్ బుష్‌లో ఉన్న మా ఇంటి నుంచి డ్రైవ్ చేసేదాన్ని. కార్ పార్క్‌లో దాన్ని విప్పి సీటు కింద దాచి, నవ్వుమొహంతో లోపలికి వెళ్ళేదాన్ని.

ఇక శనివారం వస్తే మౌస్‌ల వేట. షాపులో వాటిని వైరుతో కట్టేసి పెడతారు, అరచెయ్యి ఆనించి చూడటమే. ఒకటి నా చేతికి మరీ పెద్దది. చెయ్యి నిలువుగా పెట్టి పట్టుకునేది ఒకటి కొన్నాను. మణికట్టుకు హాయే, కానీ మధ్య బటన్ నొక్కితే మౌసే పక్కకు జారిపోయేది. ఇంకోదాని చక్రం ఎంత వదులంటే, నొక్కబోతే తిరిగేది, గీసిన ఇల్లంతా ఎగిరి ఎటో పోయేది. నా తలరాత!

"చీరలు చూసినట్టు చూస్తున్నవ్ మౌస్‌లను. ముందు డాక్టర్‌కి చూపించుకోరాదు?" అన్నాడు మా ఆయన.

"చూపిస్తే కాగితం రాస్తడు, అది ఆఫీసుకు పోతది. నీ వీసా కూడా నా వెనకాలే ఉంది, మర్చిపోయినవా?"

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఏటా ఒకావిడ మా ఆఫీసుకు వచ్చి, కుర్చీలూ బల్లలూ చూసి, నొప్పులేమైనా ఉన్నాయా అని అందర్నీ అడుగుతుంది. నన్నూ అడిగింది. "ఆల్ గుడ్" అన్నాను, ఇక్కడే పుట్టిపెరిగిన కివీల కంటే హుషారుగా. పక్క సీటాయన మాత్రం మెడ పట్టేస్తోందని ఏకరువు పెట్టాడు. పిచ్చి మనిషి, కోరి ఉద్యోగం పోగొట్టుకుంటున్నాడు అనుకున్నాను. వారం తిరక్కుండా అతనికి కొత్త బల్ల వచ్చింది. నాకు ఒళ్ళు మండింది కానీ, సిటిజెన్ కాబట్టి అతనికి చెల్లింది అని సర్దిచెప్పుకున్నాను.

మొన్న మీటింగులో పెద్ద తెర మీద డ్రాయింగు జరపాల్సి వచ్చింది. బటన్ మీద వేలు దిగలేదు. రెండోసారీ దిగలేదు. క్లయింటు ముందు చెమటలు పట్టేశాయి. మా మేనేజరు మౌస్ తను తీసుకుని మీటింగు ముగించింది. తర్వాత నన్ను పిలిచింది. అయిపోయింది, ఇవాళ్టితో ఇంటికే అనుకుంటూ వెనకాలే నడిచాను.

స్టోర్ రూములో ఓ అల్మారా తెరిచింది. అరనిండా రకరకాల మౌస్‌లు. నొప్పులడగడానికి ఏటా వచ్చే ఆవిడ, అడిగినవాళ్ళకు ఇవ్వమని పెట్టి వెళ్ళిందట. "ఏడాదిగా ఇక్కడే పడున్నాయి. నచ్చింది తీసుకో" అంది, మామూలుగా.

చిన్నది ఒకటి అందుకున్నాను. అరచేతిలో చక్కగా ఇమిడింది. ఎడమచేత్తో దాని మధ్య బటన్ నొక్కి చూశాను. ఎంత మెత్తగా దిగిందో! అన్ని శనివారాలు నేను వెతికింది దీనికోసమే. కుడిచేతిలోకి మార్చుకుని నొక్కబోయాను. వేలు వంగలేదు.

"బాగుందా?" అని అడిగింది మేనేజరు.

ఆల్ గుడ్ అనబోయి, ఏడ్చేశాను.