రెండు పక్షాల బాపిరాజుగారు

ముక్తేశ్వరం బాపిరాజుగారు ఎవరితో తగువు పడ్డా రెండు పక్షాలూ ఆయనే మాట్లాడతారు. తన పక్షం కొంచెం, అవతలి పక్షం బోలెడు. అవతలివాడు సరిగ్గా వాదించలేకపోతే ఆయనకు ఒళ్లు మండిపోతుంది. వాడి తరఫున తన మీద తానే ఎగిరి, తనని తానే ఓడించి, జేబులో ఉన్నది వాడి చేతిలో పెట్టి, గెలిచినవాడిలా మీసం దువ్వుకుంటూ ఇంటికొస్తారు. ముప్ఫై ఏళ్లుగా ఆయనతో కాపురం చేస్తున్న సత్యదుర్గకు ఇందులో నవ్వాల్సింది ఏమిటో ఇంతవరకూ కనిపించలేదు.

ఒకసారి గ్యాసు బండ తెచ్చినతను యాభై రూపాయలు ఎక్కువ అడిగాడు.

"రసీదులో లేనిది ఎందుకివ్వాలయ్యా?" అని గర్జించారు బాపిరాజుగారు.

"అందరూ ఇస్తారండి," అని గొణిగాడతను.

"అదేం సమాధానం? అందరూ గోదాట్లో దూకితే నేనూ దూకాలా? వర్షంలో తడిసేనని చెప్పు. మేడ మీదికి మోసేనని చెప్పు. నడుం పట్టేసిందని చెప్పు. ఇన్ని పెట్టుకుని అందరూ ఇస్తారంటావేంటి?"

అతను ఆ మూడూ వరసగా అప్పజెప్పాడు. బాపిరాజుగారు వంద ఇచ్చి పంపేరు. మిగతా యాభై ఎందుకని సత్యదుర్గ అడిగితే, నడుం నొప్పికి అన్నారు.

ఇక కారు సంగతి. కారు సత్యదుర్గది. నడిపేది ఆయనే గానీ, పదకొండేళ్లు చీటీలు కట్టి ఆ పాత ఎర్ర కారు కొన్నది ఆమె. దాని మీద ఈగ వాలినా ఊరుకోదు. అలాంటి కారుకి ఎడమ పక్క తలుపులు రెండూ మొన్న మార్చిలో సెంటర్లో సొట్టపోయాయి. ఓడలరేవు నుంచి చేపలు తోలే నాగబాబు, సందులోంచి వెనక చూసుకోకుండా ట్రాలీ ఆటో తీసి గుద్దేశాడు. ఆటోకి ఇన్సూరెన్సు అయిపోయి ఏడు నెలలు. వీళ్ల కారుకున్న పాలసీ అవతలివాళ్ల నష్టానికే గానీ సొంత తలుపులకు పనికిరాదు. షెడ్డులో ఇరవై రెండు వేలవుతుందన్నారు. నాగబాబైనా ఇవ్వాలి, సత్యదుర్గైనా మళ్లీ చీటీ వెయ్యాలి.

"తప్పు నాదేనండి బాబాయ్‌గారండి," అని నాగబాబు అక్కడికక్కడే చేతులు కట్టుకున్నాడు.

బాపిరాజుగారి మొహం కందగడ్డలా అయింది. "అడక్కముందే ఒప్పేసుకుంటావేంటయ్యా? అద్దంలో ఎండ పడిందని చెప్పు. కారు అడ్డంగా ఆపేరని చెప్పు."

"మీరు అడ్డంగా ఆపలేదండి."

"ఎందుకాపలేదు? అరటిపళ్లు బేరమాడుతూ నడిరోడ్డు మీద ఆపేను. కళ్లు కనపడట్లేదా?"

"ఏవండీ," అంది కారులోంచి సత్యదుర్గ, పళ్లు నూరుతూ. "మీరు ముందు కారెక్కండి."

కోర్టుకెళ్తే తీర్పొచ్చేలోగా కారు తుప్పు పట్టిపోతుందని, తగువు రిటైరైన హెడ్మాస్టరు నారాయణమూర్తిగారి అరుగు మీద పెట్టుకున్నారు. బయల్దేరేముందు సత్యదుర్గ భర్త చేత అయినవిల్లి వినాయకుడి మీద ఒట్టు వేయించింది. "ఇవాళ ఒక్క పక్షమే. అది మనది. నేను మాట్లాడతాను, మీరు నోరు విప్పకండి."

"ఆయ్," అన్నారు బాపిరాజుగారు బుద్ధిగా.

సత్యదుర్గ దులిపేసింది. బిల్లు చూపించింది. ఫోటోలు చూపించింది. "ఇన్సూరెన్సు లేని బండి రోడ్డెక్కించడం ఒక తప్పు. చూసుకోకుండా వెనక్కి రావడం రెండో తప్పు. రెండు తప్పులూ అతను చేసి, డబ్బు నేను కట్టాలా మాస్టారూ?" అని నిలదీసింది. అరుగు మీదున్న వాళ్లందరూ తలలూపేరు.

"నువ్వేమంటావయ్యా?" అన్నారు నారాయణమూర్తిగారు.

నాగబాబు తలెత్తలేదు. "పిన్నిగారు ఎంతంటే అంతేనండి. ఆటో అమ్మేసి ఇచ్చేస్తానండి."

ఒట్టు అక్కడితో గట్టు మీదికెళ్లిపోయింది. "ఆటో అమ్మేస్తే రేపట్నుంచి ఏం తింటావు, హారను తింటావా?" అంటూ బాపిరాజుగారు లేచి, వెళ్లి నాగబాబు పక్కన కూర్చున్నారు. కండువా సర్దుకుని, ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు పెళ్లాం వంక చూశారు. "ఏమ్మా, వెనక తలుపుకి ముందే సొట్ట ఉందా, లేదా?"

"ఉంది," అంది సత్యదుర్గ ఉక్రోషంగా. "మా గేటుకి మా ఆయనే గుద్దేరు."

"విన్నారా మాస్టారూ? ఆయనకి నడపడం రాదు. నడిరోడ్డు మీద కారాపింది ఎవరు?"

"ఆయనే. బుద్ధిలేని మనిషి."

"అదీ. బుద్ధిలేని వాడి చేతికి తాళాలివ్వడం ఎవరి తప్పు?"

అరుగు మీదివాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వేరు. సత్యదుర్గ నవ్వలేదు. ముందు ఆటోకి ఇన్సూరెన్సు కట్టుకోవాలి, కారు ఖర్చులో సగం, పదకొండు వేలు, నెలకు వెయ్యి చొప్పున ఇవ్వాలి అని నారాయణమూర్తిగారు తేల్చేశారు. మిగతా పదకొండు వేలూ బాపిరాజుగారి నోటికి ఆహుతైపోయాయి.

ఇంటికొచ్చాక ఆమె చెప్పులు కూడా విప్పలేదు. "ముప్ఫై ఏళ్లలో ఒక్కసారైనా నా పక్షం మాట్లాడేరా మీరు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నీ పక్షానికి నువ్వున్నావు కదా. నువ్వు మొదలెడితే పెద్ద ప్లీడరైనా దణ్ణం పెట్టాల్సిందే. పాపం వాడి పక్షాన వాడు కూడా లేడు."

దానికి దీటైన జవాబు ఇవ్వబోయి, ఆమె గ్యాసు అతన్ని తలుచుకుంది, ఇంకా చాలామందిని తలుచుకుంది. నోరున్న వాడి తరఫున ఈయన ఎప్పుడూ మాట్లాడలేదు. ఇన్నాళ్లూ తను పిచ్చి అనుకున్నది జాలి. అయినా కోపం మాత్రం తగ్గలేదు. పదకొండు వేలంటే మాటలు కాదు.

ఏప్రిల్ రెండో వారంలో నాగబాబు వచ్చాడు. ఇన్సూరెన్సు కాగితం, వెయ్యి రూపాయలు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఎల్లుండి నుంచి సముద్రంలో వేట నిషేధం పిన్నిగారండి. రెండు నెలలు బోట్లు కదలవు. బోట్లు కదలకపోతే చేపల్లేవు, చేపల్లేకపోతే నాకు కిరాయి లేదు. ఆ రెండు నెలలూ వాయిదా ఆపడం న్యాయమండి."

బాపిరాజుగారు కొడుకు ఫస్టు క్లాసులో పాసైనట్టు పొంగిపోయారు. తర్వాత పెళ్లాం వంక తిరిగి, వాదన కోసం కాచుక్కూర్చున్నారు.

సత్యదుర్గ నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసి, కొంగు అంచు చూసుకుంటూ కూర్చుంది.

"చెప్పవేం?" అన్నారాయన.

"నేనేం చెప్తానండి. అతను మాట్లాడగలడు," అంది నీరసంగా.

ఆయన ఒక్క నిమిషం ఓర్చుకున్నారు. తర్వాత కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి ఆమె పక్కన వేసుకున్నారు. "ఏమయ్యా, ఈవిడ తరఫున అడిగేవాళ్లు లేరనుకున్నావా? సముద్రంలో వేట ఆగితే చెరువుల్లో రొయ్యలు ఆగిపోయాయా? ఐసు తోలొద్దన్నారా? ఈ కారు ఎలా వచ్చిందో నీకు తెలుసా? అమలాపురం వెళ్లాలంటే ఆటోకి డబ్బులు దండగని ఎండలో గంట నిలబడి బస్సెక్కేది. మోకాళ్ల నొప్పికి డాక్టరు రోజుకో మాత్ర రాస్తే, విరిచి సగం వేసుకునేది. మిగతా సగం చీటీకి. నేను చూడలేదనుకుంది. పదకొండేళ్లు చూశాను."

సగం మాత్రల సంగతి ఆయనకు తెలుసని సత్యదుర్గకు తెలియదు. తన పక్షం ఇంత గట్టిదని కూడా తెలియదు.

నాగబాబు బెదిరిపోయి లేచాడు. "నెల నెలా ఇచ్చేస్తానండి బాబాయ్‌గారండి."

"కూర్చో నాగబాబూ," అంది సత్యదుర్గ మెల్లిగా. "వేట మొదలయ్యాకే ఇద్దువుగాని. ఆయన్ని మాత్రం ఆపకు. కాఫీ తెస్తాను."

వీధి గదిలో బాపిరాజుగారు ఇంకా ఎగురుతున్నారు. ఆమె వంటింట్లోకి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టి, తొందరగా పొంగకుండా మంట బాగా తగ్గించింది.