ఒకటో తీగ

మస్కట్ ఆసుపత్రిలో మా ఫిజియోథెరపీ గదికి వచ్చేవాళ్లలో నన్ను బాగా విసిగించింది ఒక జపాన్ పెద్దావిడ. ఇక్కడ కొడుకు దగ్గర ఉండేది. స్నానాల గదిలో జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి చెయ్యి బిగుసుకుపోయింది. వంచమంటే నవ్వుతుంది, తల ఊపుతుంది, వంచదు.

"ఇలా అయితే ఇది ఎప్పటికీ వంగదు మేడమ్!" అని ఒకరోజు కసిరాను.

"ఇక కోటో వాయించలేనుగా సిస్టర్. వంగి ఏం లాభం?" అంది.

కోటో అంటే మనిషంత పొడుగున్న పదమూడు తీగల వాయిద్యం. కుడిచెయ్యి మీటుతుంది. శృతి సరిచేసేదీ, తీగ నొక్కి స్వరం పెంచేదీ ఎడమచెయ్యే. ఆ మాట విన్నాక కసిరినందుకు సిగ్గేసింది. తగుదునమ్మా అని, "శృతి నేను చేసి పెడతాను" అనేశాను. చిన్నప్పటి నుంచీ చర్చి క్వయర్‌లో పాడుతున్నాను. మా కీర్తనల మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి కాబట్టి మాకు సంగీతం వచ్చనే మా నమ్మకం.

ఇక్కడ సెలవు శుక్రవారమే. ఆ రోజు ఆరాధన అవగానే వాడి కబీర్ పేటలోని మా చర్చి నుంచి టాక్సీలో వాళ్లింటికి వెళ్లేదాన్ని. తీగల లెక్క మనకు దూరంగా ఉన్నదానితో మొదలవుతుంది. ఒక్కో తీగ కింద తిరగేసిన పంగలకర్రలాంటి చిన్న ముక్క ఉంటుంది, దాన్ని జి అంటారు. కుడికి జరిపితే స్వరం పెరుగుతుంది, ఎడమకి జరిపితే దిగుతుంది. ఆవిడ నేర్పిన వరస పేరు హిరాజోషి. అందులో స్వరాలు ఐదే. వింటే ఈస్టర్‌కి ముందు పాడే మా శ్రమదినాల కీర్తనలంత దిగులుగా ఉండేది.

"ఒకటోది, ఐదోది ఒకటే స్వరం" అంది మొదటి రోజే. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం కదా, పొరపాటున అందనుకున్నాను. మొదటిది 'స' అయితే అన్నిటికన్నా కిందుండాలి. హార్మోనియం ముందు కూర్చోబెట్టి మాకు నేర్పింది అదే. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ప్రతి వారం ఒకటో తీగని శుభ్రంగా కిందికి దించి వచ్చేదాన్ని. "చాలా బాగుంది సిస్టర్" అని ఆవిడ వంగి దణ్ణం పెట్టేది.

అయిదో శుక్రవారం ఫోన్ మరిచిపోయి లిఫ్ట్ దగ్గర నుంచి వెనక్కి వచ్చాను. తలుపు ఇంకా వెయ్యలేదు. లోపల ఒకటో తీగ మోగింది, వెంటనే ఐదోది. మళ్లీ ఒకటి, మళ్లీ ఐదు. తొంగి చూస్తే ఆవిడ పళ్లు బిగపట్టి, ఎడమచేత్తో ఒకటో తీగ జి ని కుడికి నెడుతోంది. నా ముందు వంగని మణికట్టు అక్కడ వంగుతోంది.

"ప్రతి వారం నేను తప్పే చేస్తున్నానా?"

ఉలిక్కిపడింది. "మీరు అంత శ్రద్ధగా చేస్తుంటే ఎలా చెప్పను సిస్టర్?"

"మరి నొప్పి?"

"ఉంటుంది. శృతి తప్పి ఉంటే అంతకన్నా బాధ."

నా మొహం మాడిపోయింది. కోపం కూడా వచ్చింది. కానీ ఆ చెయ్యి పట్టుకుని వంచి చూసేసరికి సంతోషం ఆగలేదు. నెల రోజుల నా వ్యాయామాలు చెయ్యలేని పని నా తప్పు చేసి పెట్టింది.

తర్వాతి శుక్రవారం ఒకటోదాన్ని ఐదోదానికి కలిపి పెట్టాను. ఆవిడ కుడి వేళ్లకి మీటే గోళ్లు తొడుక్కుని, పడ్డాక మొదటిసారి వాయించడం మొదలుపెట్టింది. ఒకచోట ఎడమచేత్తో తీగ నొక్కి స్వరాన్ని పైకి లేపాలి. నొక్కింది. అందలేదు. నా వైపు చూసి, "వచ్చిందా?" అంది.

చాలా బాగుంది అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు మేడమ్. ఇంకొంచెం పైకి."

మళ్లీ నొక్కింది. మణికట్టు ఇంకాస్త వంగింది.

"ఇంకొంచెం."

మూడోసారికి స్వరం తన చోటికి చేరింది. ఇద్దరికీ ఏడుపొచ్చింది. ఆవిడ కళ్లయినా తుడుచుకోకుండా అదే తీగని మళ్లీ నొక్కింది.