ఫ్లాబర్‌గాస్టెడ్ దశరథం కాక

మా దశరథం కాకకు వచ్చిన ఇంగ్లీషంతా ఒకే ఒక్క మాట: ఫ్లాబర్‌గాస్టెడ్! బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాలు నడిపే రోజుల్లో సేటు కొడుకు నోట విన్నాడట. అందరూ అక్కణ్నుంచి మా సిరిసిల్లకు వస్తూ గడియారమో రేడియోనో తెచ్చుకుంటే, ఈయన ఈ మాట తెచ్చుకున్నాడు.

పప్పులో ఉప్పు సరిపోతే ఫ్లాబర్‌గాస్టెడ్. కరెంటు పోయి సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగితే ఫ్లాబర్‌గాస్టెడ్. కరెంటొచ్చి అవి మళ్ళీ టకటకలాడితే ఇంకాస్త గట్టిగా ఫ్లాబర్‌గాస్టెడ్. మా గల్లీలో బి.ఏ. చదివింది నేనొక్కణ్నే కాబట్టి, సిగ్గుపడే బాధ్యత కూడా నా ఒక్కడి మీదే పడింది. ఓ రోజు కూర్చోబెట్టి చెప్పాను.

"కాకా, దానర్థం ఆశ్చర్యంతోని నోట మాట రాకపోవుడు."

"గంతేనా? గంత పెద్ద మాటకు గింతంత అర్థమా? సేటు కొడుకు మోసం చేసిండురా!"

"మరి ఇగ అనకు."

"అర్థం నీ దగ్గర ఉంచుకో. మాట నాకియ్యి."

మా గల్లీ కిష్టవ్వ బిడ్డ పెండ్లిలో భోజనాల బంతి మధ్యలో కూర అయిపోయింది. మగపెళ్ళివారు గొణగడం మొదలుపెట్టారు. కిష్టవ్వ ఖాళీ బకెట్టుతో నిలబడిపోయింది. అంతలో కాక అన్నం ముద్ద చేతిలో పట్టుకొనే లేచి "ఫ్లాబర్‌గాస్టెడ్!" అని అరిచాడు. బంతి బంతంతా పడీపడీ నవ్వింది. "పాపం, భీవండి నీళ్ళు పడలే" అన్నాడొక పెద్దమనిషి. ఆ నవ్వుల్లోనే చారు వచ్చింది, అందరూ చారుతో కానిచ్చారు. నేను మాత్రం తల ఎత్తలేక విస్తరి సగంలోనే వదిలేసి వచ్చాను.

ఎనభైనాలుగులో మా నేతన్నల సంఘానికి కొత్త భవనం కట్టారు. అధ్యక్షుడు మా బాపు భూమన్న, కాకకు సొంత అన్న. ప్రారంభానికి వచ్చే పెద్దాఫీసరుది ఉత్తరాది, కాబట్టి స్వాగతం ఇంగ్లీషులోనే పలకాలని పెద్దలు తీర్మానించారు. నాలుగు వాక్యాలు నేనే రాసిచ్చాను. బాపు సాంచాల మోతలో వాటిని బట్టీ పట్టాడు.

వేదికెక్కి "రెస్పెక్టెడ్ సర్" అన్నాడు. అంతే, ఆగిపోయాడు. చెమటలు. ముందు వరసలో, సంఘం ఎన్నికల్లో బాపుకు పోటీగా నిలబడి ఓడిపోయిన కైలాసం నవ్వడానికి పెదవులు సర్దుకుంటున్నాడు. ఆ నవ్వు ఒక్కసారి మొదలైతే బాపు ఇక సిరిసిల్లలో తలెత్తుకు తిరగలేడు.

"ఫ్లాబర్‌గాస్టెడ్!"

కాక కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు. కుర్చీ విరిగింది, కాక కింద పడ్డాడు. జనం నవ్వులతో షామియానా ఊగింది. ఆఫీసరు కూడా నవ్వి, "ఎవరండీ ఆయన?" అన్నాడు, చక్కటి తెలుగులో.

"మా తమ్ముడు సార్! మీకు తెలుగొస్తదా?" అన్నాడు బాపు. ప్రాణం లేచొచ్చినట్టుంది, నూలు ధర మొదలుకొని సంఘం కష్టాలన్నీ ఏకరువు పెట్టాడు. కైలాసం కూడా చప్పట్లు కొట్టాడు.

సభ అయ్యాక కాకను షామియానా వెనక పట్టుకున్నాను.

"ఇజ్జత్ మొత్తం తీసినవ్ గద కాకా!"

"ఎవలిది?"

"ఎవలిదేంది? నీదే! ఊరంత నిన్ను సూసి నవ్వింది."

"నన్నే గద?" అన్నాడు ధోతి దుమ్ము దులుపుకుంటూ. "మీ బాపును సూసి నవ్వలే గద? మరి నీకేం ఫికర్?"

నాకు కిష్టవ్వ చేతిలోని ఖాళీ బకెట్టు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ సిగ్గుపడింది ఈయన గురించా అనుకుంటే ఇంకా సిగ్గేసింది. నోట మాట రాలేదు. దానికి ఇంగ్లీషులో ఓ మాట ఉందిగానీ, అనే ధైర్యం లేకపోయింది.

ఆ ధైర్యం నా పెళ్ళిలో వచ్చింది. కాక తలంబ్రాల పళ్ళెం తెస్తూ జారి పడ్డాడు. బియ్యమంతా నేలపాలైంది. పందిట్లో ఎవరో "అపశకునం" అన్నారు. కాక మొహం పాలిపోయింది.

నేను పీటల మీద లేచి నిలబడి, గొంతు చించుకొని అరిచాను: "ఫ్లాబర్‌గాస్టెడ్!"

ఆడపెళ్ళివాళ్ళంతా నన్ను చూసి ఒకటే నవ్వు. పెళ్ళికూతురు నర్మద సిగ్గుతో తల మోకాళ్ళ దాకా దించుకుంది. కాక బియ్యం దోసిట్లోకి ఎత్తుకుంటూ మెల్లగా నా పక్కకొచ్చాడు.

"అర్థం తెలిసినోనివి, నువ్వెట్ల అంటవురా?" అన్నాడు.