నాయిన శవంగా నటించిన సినిమా

మొన్న ఆదివారం మధ్యాహ్నం పేట్ బషీరాబాద్‌లోని మా ఇంటి హాల్లో ఎవరెవరు ఉన్నారో, ఏమేమి ఉన్నాయో వరుసగా చెబుతాను. భయం వేసినప్పుడు నేను మొదట చేసే పని అదే. గోడకు టీవీ. టీవీకి ఎదురుగా సోఫా. సోఫా పక్కన కుర్చీలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ. కింద చాప మీద రంగు పెన్సిళ్లతో నా కూతురు. గుమ్మం దగ్గర, చేతిలో మంచినీళ్ల సీసాతో నేను. సోఫాలో వెనక్కి వాలి, నోరు కొద్దిగా తెరిచి, ఎడమ చేయి కిందికి వేలాడేసి నిద్రపోతున్న నాయిన. టీవీలో ఒక పాత హత్యల సినిమా. ఆ సినిమాలో మెట్ల మీద తల కిందికీ కాళ్లు పైకీ పడి, నోరు కొద్దిగా తెరిచి, ఎడమ చేయి మెట్టు అంచు నుంచి వేలాడుతున్న ఒక శవం. ఆ శవం కూడా మా నాయినే.

సీసా కింద పెట్టి వెళ్లి నాయిన ముక్కు దగ్గర నా చేతి వెనక భాగం పెట్టి చూశాను. వెచ్చగా తగిలింది. అమ్మ చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండానే, "మంచిగనే ఉన్నడు తియ్యిరా. ఇంకా వోలేదా నీకా భయం?" అంది. పోలేదు. మీలో చాలామంది నాలాగే కేబుల్ టీవీ ముందు కూర్చుని పెరిగినవాళ్లే కాబట్టి, సినిమా చూసి భయపడటమంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే అందరూ హంతకుడిని చూసి భయపడితే నేను శవాన్ని చూసి భయపడ్డాను, తేడా అంతే.

అప్పట్లో మేము దేవరయాంజాల్ పక్కన ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాయిన సూరారంలో ఒక ఇనుప సామాన్ల కంపెనీలో మిషన్ మీద పనిచేసేవాడు, రోజూ స్కూటర్ మీద పోయి వచ్చేవాడు. శామీర్‌పేట చెరువు దిక్కున ఉన్న తోట బంగళాల్లో ఎప్పుడూ ఏదో ఒక షూటింగు నడుస్తుండేది. మా మేనమామ ఆ షూటింగులకు భోజనాలు మోసే వ్యాను నడిపేవాడు కాబట్టి, సినిమావాళ్ల సంగతులన్నీ తనకే తెలుసన్నట్టు మాట్లాడేవాడు. ఒక సెలవు రోజున నాయిన సరదాగా ఆయన వెంట వెళ్లాడు. అక్కడ శవం వేషానికి తెచ్చిన మనిషికి ఆ రోజు విపరీతమైన దగ్గు. కెమెరా తిరగడం మొదలుపెట్టగానే శవం దగ్గుతోందట. దర్శకుడు తల పట్టుకుంటే మామ మా నాయినను ముందుకు తోసి, మా బావ పడుకుంటే పిడుగు పడ్డా కదలడని హామీ ఇచ్చాడు. అది నిజమే. నాయినకు చొక్కా మార్చి, నుదుటికి ఎర్రరంగు పూసి, మెట్ల మీద పడుకోబెట్టారు. ఆ ఒక్క దృశ్యం తీసేసరికి పొద్దుగూకింది, వెలుతురు పోయింది, అందరూ సామాను సర్దుకున్నారు. నాయిన ముఖం కడుక్కుని, వాళ్లు పెట్టిన భోజనం తిని ఇంటికి వచ్చి, సినిమాలో చేశానని మాత్రం చెప్పాడు. ఏం వేషమని అడిగితే, "పండుకునే సీను" అన్నాడు.

సిగ్గుపడి అలా చెప్పాడో, తన తల్లి, అంటే మా అవ్వ, భయపడుతుందని చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సినిమా ఎప్పుడు విడుదలైందో, ఏ హాలులో ఎన్నాళ్లు ఆడిందో మాకెవరికీ తెలియలేదు. చాలాకాలం తరువాత మా ఊరి కేబుల్ ఆయన తన సొంత ఛానెల్‌లో ఒక ఆదివారం పొద్దున వేస్తున్నానని కబురు పంపాడు. అవ్వ కొత్త చీర కట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చుంది. అమ్మ, మామ, నేను, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు, అందరం నాయిన ఎప్పుడు పడుకుంటాడా అని చూస్తున్నాం. నాయిన మాత్రం గడప దగ్గర నిలబడ్డాడు, ఏ క్షణానైనా బయటికి పోవడానికి వీలుగా.

నిజం చెప్పాలంటే అది మంచి హత్యల సినిమానే. ఆ కాలపు అలాంటి సినిమాల్లో ఉండవలసినవన్నీ ఉన్నాయి: వంపు తిరిగిన మెట్లు, దీపం పట్టుకుని నెమ్మదిగా నడిచే పనివాడు, దానంతట అదే కొట్టుకునే కిటికీ రెక్క, అందరికంటే మర్యాదగా మాట్లాడే డాక్టరు. మర్యాద చూసి హంతకుడెవరో మొదటి పావుగంటలోనే చెప్పేయవచ్చు. కానీ పాత దర్శకులకు ఓపిక ఎక్కువ. శవాన్ని ఒక్కసారి చూపించి వదిలేయరు. కాళ్ల దగ్గర మొదలుపెట్టి, చొక్కా గుండీలు, వేలాడే చేయి, మెడ, గడ్డం, చివరికి ముఖం దాకా కెమెరా తీరిగ్గా నడుస్తుంది. ఆ చేయి కనబడగానే "అగో, నాయిన!" అని నేను సంతోషంగా అరిచాను. ముఖం కనబడేసరికి అవ్వ అరిచిన అరుపు నేను ఆ తరువాత ఏ సినిమాలోనూ వినలేదు.

ఆ అరుపును తేలిక చేయడానికి కాబోలు మామ పగలబడి నవ్వాడు. "ఏం జేసినవ్ బావా! నిజంగ సచ్చినట్టే ఉన్నవ్ గదా!" అన్నాడు. వెంటనే తనకు తెలిసిన సంగతొకటి గుర్తొచ్చి, "అది సరే గని, షాట్ అయినంక నవ్వినవా?" అని అడిగాడు.

"ఏం నవ్వుడు?" అన్నాడు నాయిన.

"సచ్చిన సీను జేసినోడు లేచి కెమెరా దిక్కు జూసి నవ్వాలె. అట్లయితెనే దోషం పోతది. గంత పెద్ద హీరోలు గూడ నవ్వుతరు. నీకెవ్వలు చెప్పలేదా?"

"పొద్దు గూకిందని ప్యాకప్ అన్నరు. నేను మొఖం గడుక్కొని అన్నం దిన్న."

అవ్వ నెత్తి మీద కొంగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది. "కెమెరా ముందట పండిండు, లేవనే లేదా నా కొడుకు!" అంది. మామకు అప్పుడర్థమైంది తాను చేసిన పని. "ఉట్టిగన్న అత్తా, గవన్ని నమ్ముతరా ఏంది" అని సర్దబోయాడు గానీ, ఆలస్యమైపోయింది. అవ్వ నమ్మింది. అవ్వ నమ్మింది కాబట్టి నేనూ నమ్మాను.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం నాయిన స్కూటర్ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాణ్ని. నాయినకు ఏవేవి ప్రమాదమో మనసులో వరుసగా రాసుకున్నాను: లారీలు తిరిగే రోడ్డు, కంపెనీలో మిషన్లు, ఎక్కడైనా సరే మెట్లు. హత్యల సినిమాలో హంతకుడంటూ ఒకడుంటాడు, ఎంత దాక్కున్నా చివరికి దొరుకుతాడు. మా నాయిన విషయంలో హంతకుడే లేడు. మరి ఎవరి మీద కన్నేసి ఉంచాలి? ఇదీ నా భయం. చీకటికి భయపడే పిల్లవాడికి దీపం పెడతారు, దీనికేం పెడతారు?

అదే రోజుల్లో మధ్యాహ్నాలు కేబుల్‌లో కుటుంబ కథల సినిమాలు వేసేవారు. వాటిని జనం ఏడవడానికి చూస్తారు, నేను జాగ్రత్తలు నేర్చుకోవడానికి చూశాను. ఆ సినిమాల్లో తండ్రి చనిపోయే ముందు కొన్ని గుర్తులుంటాయి. ఎప్పుడూ లేనిది ఆ రోజు చాలా సరదాగా ఉంటాడు. పడక కుర్చీలో కూర్చుంటాడు. కొడుకును దగ్గరికి పిలిచి ఇంటి బాధ్యత అప్పజెబుతాడు. ఒకరోజు నాయిన బావి దగ్గర నన్ను పిలిచి, "నేను లేనప్పుడు మోటరు నువ్వే బందు జెయ్యాలె, మర్సిపోకు" అన్నాడు. కంపెనీలో షిఫ్టు మారింది కాబట్టి అన్న మాట అది. నేను మాత్రం గడ్డివాము వెనక్కి పోయి, వెక్కిళ్లు బయటికి వినబడకుండా నోట్లో చొక్కా కుక్కుకుని ఏడ్చాను. ఇప్పటికీ కుటుంబ కథా చిత్రాల మీద నా అభిప్రాయం ఒక్కటే. అవి హత్యల సినిమాల కంటే ఎక్కువ భయపెడతాయి, ఎందుకంటే వాటిలో ఇల్లు మన ఇల్లులాగే ఉంటుంది.

అనుకున్నంతా అయింది. కంపెనీలో నూనె కారిన నేల మీద కాలు జారి నాయిన ఇనుప మెట్ల అంచు మీద పడ్డాడు. తోటి పనివాడు మధ్యాహ్నం తన బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. నుదుటికి కట్టు, కట్టు మీద ఎర్రటి మరక, సినిమాలో రంగు పూసిన వైపే. అంతదాకా అవ్వనూ నన్నూ చూసి నవ్వుకున్న అమ్మ కూడా ఆ మరక చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే లేచి, ఏ కెమెరా అయినా కెమెరానే అని తేల్చేసి, నాయినను, మామను, నన్ను వెంటబెట్టుకుని మేడ్చల్ బస్సెక్కింది.

మేడ్చల్ బస్టాండు దగ్గర ఒక భాయ్ ఫోటో స్టూడియో ఉండేది. జలపాతం బొమ్మ గీసిన తెర ముందు ఎత్తు స్టూలు మీద నాయినను కూర్చోబెట్టి, సంగతంతా అవ్వ చెప్పింది. భాయ్ నవ్వలేదు. "అరె అమ్మా, పరేషాన్ గాకుండ్రి. మీ కొడుకు నవ్వేదాంక నేను బటన్ నొక్కనే నొక్క" అన్నాడు. నాయిన అందరినీ ఒకసారి చూశాడు, ముఖం ఇంకా బిగుసుకుంది. మామ, ఇంటి యజమానికి అబద్ధం చెప్పే కిరాయిదారు వేషం వేసి, రెండు గొంతులూ తానే మాట్లాడి, చివరికి కుర్చీ మీంచి కింద కూడా పడ్డాడు. నాయిన, "తాకిందా?" అని అడిగాడు. భాయ్ లైట్లు ఒకసారి ఆర్పి మళ్లీ వేశాడు.

అవ్వకు ఓపిక అయిపోయింది. "నవ్వురా! ఊరంత జూసేటట్టు కాళ్లు జాపినవ్, గింత నవ్వనీకి సిగ్గయితాందా?" అని అరిచింది. దానికి భాయ్ నవ్వాడు, మామ నవ్వాడు, బయట ఫోటోలకు వచ్చి కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. నాయిన పెదాలు విప్పి పళ్లు చూపించాడు. భాయ్ ఆ క్షణం వదల్లేదు.

ఫోటో చేతికొచ్చాక అవ్వ కళ్లకద్దుకుంది. ఆమెకు దోషం పోయింది, అన్నం సహించింది, ఆ తరువాత ఆ మాటే ఎత్తలేదు. నాకు మాత్రం ఆ ఫోటో మెట్ల మీది శవం కంటే భయంకరంగా కనబడింది. నాయిన నవ్వు నాకు తెలుసు. నాయిన నవ్వితే చప్పుడుండదు, పళ్లు కనబడవు. కళ్లు మూసుకుపోతాయి, పొట్ట కదులుతుంది, చివర్లో తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటాడు. ఫోటోలో ఉన్నది అది కాదు. అంటే నాయిన ఇంకా నవ్వలేదు. ఈ సంగతి మా ఇంట్లో నాకొక్కడికే తెలుసు, ఎవరికీ చెప్పే ధైర్యం లేదు.

నేను సినిమాల పిచ్చివాణ్నయింది అందుకే. హాస్య చిత్రాల సీడీలు కిరాయికి తెచ్చి, ఆదివారాలు నాయినను టీవీ ముందు కూర్చోబెట్టి, నేను తెరను కాక ఆయన పొట్టను చూసేవాణ్ని. మనిషి జారిపడే హాస్యానికి నాయిన నవ్వడు, పాపం అంటాడు. వెకిలి వేషాలకు లేచి బయటికి పోతాడు. ఒక అబద్ధాన్ని కప్పిపుచ్చడానికి ఇంకో అబద్ధం, దానికోసం మరొకటి చెప్పి ఇరుక్కుపోయే మనిషి కథ అయితే మాత్రం అబద్ధం చెప్పకముందే పొట్ట కదలడం మొదలవుతుంది. అలా చూసీ చూసీ నాకు తోచిందేమిటంటే, హాస్య చిత్రం కూడా భయం మీదే నడుస్తుంది. సినిమా అంతా ఒక మనిషి దొరికిపోతానేమోనని వణుకుతూనే ఉంటాడు. అతను చావడని మనకు ముందే తెలుసు కాబట్టి నవ్వుతాం. ఆ నమ్మకం కోసమే నేను వాటిని అంతగా ప్రేమించాను. పాత సినిమాల్లో కెమెరాను ఒకచోట నిలబెట్టి నలుగురినీ ఒకే చట్రంలో ఉంచేవారు, ఎవరి ముఖం చూడాలో మనమే ఎంచుకునేవాళ్లం. ఇప్పుడు ఆ ఎంపిక కూడా వాళ్లే చేసేస్తున్నారు.

నాయిన చాలాసార్లు నవ్వాడు, కానీ కెమెరా ముందు కాదు. ఫోన్లలో కెమెరాలు వచ్చాక ఆయన పొట్ట కదలడం చూసి మెల్లగా ఫోన్ ఎత్తేవాణ్ని. ఎత్తగానే పసిగట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, రేషన్ కార్డు ఫోటోకు కూర్చున్నట్టు నిటారుగా కూర్చునేవాడు. ఇప్పటికీ అంతే.

ఇప్పుడు ఆ ఊరి ఇల్లు లేదు. ఏ సినిమాలోనూ నటించని అవ్వ నిద్రలోనే వెళ్లిపోయింది. నేను కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. కెమెరా ముందు నవ్వకపోతే మనిషి చస్తాడని నమ్మను. నమ్మకానికీ భయానికీ సంబంధం లేదని మాత్రం ఇన్నేళ్లకు తెలిసింది. ఆ రోజుల్లో ఒకే గదిలో కూర్చుని అందరం ఒకే క్షణాన ఉలిక్కిపడేవాళ్లం. భయమైనా సరే పదిమందిలో పంచుకున్నది. పైగా అవ్వ ఉన్నప్పుడు ప్రతి భయానికీ ఎక్కవలసిన ఒక బస్సు ఉండేది. ఇప్పుడు నాయిన చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా ఏవో చూస్తాడు, పొట్ట కదులుతుంది, దేనికి కదిలిందో మాకు తెలియదు. పోయినేడు డాక్టరు గుండెకు మాత్రలు రాశాడు. నేనొక వాచీ కొని నాయిన చేతికి పెట్టాను. టైము చూసుకోవడానికే అనుకుంటాడాయన. ఆయన గుండె వేగం నా ఫోన్‌లో కనబడుతుంది, ఆఫీసులో ఉన్నా కనబడుతుంది. ఈ మాట రాస్తూ చూశాను. డెబ్బై ఆరు.