కండెం సదానందం

మా తమ్ముడు సదానందం లెక్కలో లోకంలో రెండే రకాల వస్తువులున్నాయి: కండెం అయినవి, కండెం కావలసినవి. ఉట్నూర్ దిక్కు సర్కారు హాస్టళ్లలో ముప్పై ఏళ్లు స్టోరు చూశాడు. పనికిరాని మంచాన్నీ, బిందెనూ, బల్లనూ రిజిస్టరులో ‘కండెం’ అని రాసి, దాని మీద ఎర్ర సుద్దతో అడ్డంగా గీత కొట్టడం వాడి కొలువు. రిటైరయ్యాక కొలువు పోయింది, సుద్దముక్క మాత్రం అంగీ జేబులో ఉండిపోయింది. నేను మూడో తరగతిలోనే బడికి దండం పెట్టినదాన్ని. అయినా చెబుతున్నాను, ఇంత పిచ్చి బాగా చదువుకుంటే తప్ప రాదు.

వాడి ముందు ‘ఖరాబైంది’ అన్నామా, మన పని అయిపోయినట్టే.

“ఖరాబైందంటే ఏందక్కా? పలిగిందా? ఇరిగిందా? తెగిందా? అరిగిందా?”

“ఏదో ఒకటి! చాయ్ కప్పురా అది.”

“కప్పు పలుగుతది. మంచంకోడు ఇరుగుతది. తాడు తెగుతది. చెప్పు అరుగుతది. ఉత్తగ ఖరాబని రాస్తే ఆడిటోళ్లు ఊకుంటరా?”

“నా వంటింట్లకు ఆడిటోళ్లు ఎందుకొస్తర్రా?”

“రాకున్నా మన రికార్డు మనకుండాలె.”

ఒకనాడు మా అత్తగారి కాలం నాటి రోకలి మీద గీత కొట్టాడు. ఆ రోకలే చేతబట్టుకుని, “ఇప్పుడు నీ నెత్తి ఇరుగుతదా, పలుగుతదా చెప్పురా!” అని తరిమాను. గడప దాటి ఉరుకుతూ కూడా జవాబిచ్చాడు: “నెత్తి పలుగుతదక్కా!”

మా చెల్లె బిడ్డ వనజకు సంబంధం చూడటానికి భైంసా పోయాం. పిలగాని తండ్రి మొండయ్య మర్యాదగా కుర్చీలు వేయించాడు. అందరం కూర్చున్నాం. మావాడు మాత్రం తన కుర్చీని బోర్లించి, కాళ్లు ఊపి చూసి, సుద్ద తీశాడు.

“ఇది కండెం. ఎవ్వరూ కూసోకుండ్రి.”

మొండయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. “మా ఇంటికొచ్చి మా కుర్చీకే వంక వెడ్తవా?” అని తనే వెళ్లి దాంట్లో కూర్చున్నాడు. మరుక్షణం నేల మీదున్నాడు. మేమంతా అయ్యో అయ్యో అని ఆయన్ని లేపుతుంటే, మావాడు వంగి కుర్చీకాలు చూసి తేల్చాడు: “ఇరిగింది.” ఆ సంబంధం ఎట్లా నిలిచిందో బాసర అమ్మవారికే తెలియాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, మా ఆయన మోపెడ్ ఒక ఎత్తు.

మా ఆయన అంతయ్యకు డెబ్బై రెండేళ్లు. పోయిన వానకాలం నుంచి చూపు మసకబారింది. పక్కింటి శంకరవ్వ తన వాకిట్లో ఆరబోసుకున్న పత్తిలోకి బండి తోలి, “పత్తి రోడ్డు మీదికెందుకొచ్చింది?” అని ఆమెనే గద్దించాడు. ఒక పొద్దు, దారిలో నిలబడ్డ బర్రెకు “నమస్తే పటేలా” అని దండం పెట్టి వచ్చాడు. అదే చూపుతో రోజూ లారీలు తిరిగే నిర్మల్ రోడ్డెక్కుతాడు. ఆ బండి చప్పుడు మళ్లీ వాకిట్లో వినబడేదాకా నాకు ముద్ద దిగదు. కండ్ల డాక్టరు దగ్గరికి పోదామంటే పళ్లెం నెట్టేస్తాడు.

“నేను ముసలోణ్ణయిన్నా? నా కండ్లకేమైందే?”

ఇక రెండు రోజులు ఉపవాసం. నా నోటికి ఊరంతా జడుస్తుంది. ఆ ఉపవాసానికి నేను జడుస్తాను.

ఒక శుక్రవారం సదానందం వచ్చాడు. బస్టాండు నుంచి బావే మోపెడ్ మీద తెచ్చాడు. దిగేసరికి మావాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. రెండు చెంబుల నీళ్లు తాగాడు.

“ఏమైందిరా?”

“ఏం లేదక్కా. ట్రాక్టరొచ్చింది. అదే పక్కకు తప్పుకున్నది.” ఇంకో చెంబు తాగాడు.

తెల్లారి లేచి చూస్తే మోపెడ్ సీటు మీద ఎర్రగీత.

“బావా, బండి కండెం.”

“నీ నోట్లె మన్నువడ! ఏమైందిరా దానికి? తెగిందా, ఇరిగిందా, అరిగిందా?”

మాటకెన్నడూ కరువు లేనివాడు సుద్దముక్కను అటూ ఇటూ తిప్పాడు. “అంతా... కండెమే. ఎక్కితే పానం పోతది.”

“నిన్న నువ్వు ఎక్కొస్తివి గద!”

“అందుకే చెప్తున్న బావా.”

మా ఆయన కసిగా పెడలు తొక్కాడు. ఇరవైసార్లు తొక్కాడు. బండి దగ్గను కూడా దగ్గలేదు. “వారంల మెకానిక్కును తెస్త, నీ సంగతి చెప్త” అని బామ్మర్దితో మాట బంద్ పెట్టాడు. పొద్దంతా ఇంట్లో కూర్చుని గొణిగే మనిషిని నా నెత్తిన పెట్టిపోతున్నాడని నేనూ తమ్ముణ్ణి వదల్లేదు. వాడి ఏడు తరాలనూ కడిగేశాను, అవి నా తరాలే అన్న సంగతి మరిచిపోయి.

నాలుగు రోజులకే మళ్లీ దిగాడు. కళ్లకు నల్లద్దాలు, చేతిలో కర్ర, గోడలు తడుముకుంటూ నడక.

“బావా, నా కండ్లు కండెమైనట్టున్నయ్. దవాఖానకు జర తోడు రారాదు?”

మా ఆయన మొహం దీపంలా వెలిగింది. మాట బంద్ సంగతే మరిచాడు. “నడువు! డాక్టరుతోని నీ నెత్తి మీదనే గీత కొట్టిపిస్త.”

ముగ్గురం నిర్మల్ పోయాం. మావాడు కండ్లు చూసే కుర్చీని తడిమి వణికిపోతుంటే మా ఆయన వాణ్ణి పక్కకు జరిపాడు. “గింత పిరికోనివేందిరా? చూడు, గిట్ల కూసోవాలె.” కూర్చున్నాడు. డాక్టరు లైటు వేసి చూసి, రెండు కండ్లకూ పొరలొచ్చాయి, ఆపరేషన్ చేయాలన్నాడు. మా ఆయన లేవబోయాడు. మావాడు చేయి పట్టుకున్నాడు.

“బావా, నువ్వు చేసుకుంటెనే నాకు ధైర్నమొస్తది.”

“నీ కోసం ఏమేం చెయ్యాల్నో!” అని ఒప్పుకున్నాడు.

ఆయన్ని లోపలికి తీసుకుపోయాక డాక్టరు సదానందం కండ్లు కూడా చూసి నవ్వాడు. వాడి కండ్లకు ఏ రోగమూ లేదట. బయట బెంచీ దగ్గర వాణ్ణి పట్టుకున్నాను.

“మరి బండి?”

జేబులోంచి మోపెడ్ ప్లగ్గు తీసి చూపించాడు. “మంచిగున్నదక్కా. బావ కండ్ల మీద గీత గియ్యనొస్తదా? బండి మీదైతే పడ్తది.”

రెండు కండ్ల పనీ పూర్తయ్యేసరికి మూడు నెలలు పట్టింది. ‘నీది కానీ బావా, తర్వాత నాది’ అంటూ ఆ మూడు నెలలూ సదానందం బావ ముందు నల్లద్దాలు తీయలేదు. కాలు ఇరిగిన స్టూలు ఎదురుగా కనబడుతున్నా సుద్ద తీయకుండా కూర్చోవడం వాడికెంత నరకమో నాకు తెలుసు.

డాక్టరు సరే అన్న రోజు మా ఆయన కొట్టంలోంచి మోపెడ్‌ను బయటికి తీశాడు. ప్లగ్గు అప్పటికే దాని చోటికి చేరింది. ఒక్క తొక్కుడుకే బండి లేచింది. దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, బామ్మర్ది భుజం మీద చేయి వేశాడు.

“పాపం, నీకప్పటికే కండ్లు కనవడలే. గందుకే మంచి బండిని కండెం చేసినవ్.”

“ఔ బావా,” అని తల వంచాడు మావాడు. “మసక మసక ఉండె.”

అసలు మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి మింగేశాను.

మా ఆయన వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. సందు మలుపు తిరిగేదాకా ఆయన గొంతు వినబడుతూనే ఉంది:

“గట్టిగ పట్టుకో సదానందం, ముంగట గుంతున్నది. నీకు కనవడదు గానీ!”